కాఫీ హోటల్లో పుట్టిన సొసైటీ, మన ఎంటెక్ పిల్లల దాకా ఎందుకు రాలేదు

మా నెల్లూరు, ఒంగోలు వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో సెప్టెంబర్ 15 వచ్చిందంటే విశ్వేశ్వరయ్య ఫోటోకి దండ, రెండు స్పీచ్‌లు, ఒక క్విజ్, ఇంక ఆ ఏడాదికి ఇంజనీర్ల సొసైటీ పని అయిపోయినట్టే. ఆ టైముకి ఎంటెక్ వాళ్లు ఎక్కడుంటారంటే కుర్చీలు సర్దే దగ్గరో, ల్యాబ్‌లో బీటెక్ పిల్లల రికార్డులు దిద్దే దగ్గరో. ఇది నిన్న మొన్న మొదలైంది కాదులెండి.

1818 జనవరిలో లండన్‌లో కెండల్ కాఫీ హౌస్ అనే చోట కొంతమంది కుర్ర ఇంజనీర్లు కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు, అప్పట్లో ఈ పని నేర్చుకోవాలంటే ఎవరో పెద్ద ఇంజనీర్ కింద అప్రెంటిస్‌గా చేరాల్సిందే, మరి ఒకడికి తెలిసింది ఇంకొకడికి చెప్పుకుందాం అన్నదే వాళ్ల ఉద్దేశం. మొదట్లో పెద్దగా ఎవరూ చేరలా. 1820లో రోడ్లూ వంతెనలూ కట్టి అప్పటికే పేరున్న థామస్ టెల్‌ఫర్డ్‌ని ప్రెసిడెంట్‌గా పెట్టుకున్నాక ఊపొచ్చింది, 1828లో రాయల్ చార్టర్, అంటే రాజుగారి గుర్తింపు పత్రం, వచ్చింది. అదే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్. కుర్రాళ్లు పెట్టుకున్నది పెద్దాయన పేరుతో నిలబడింది, నా లెక్కలో అసలు మలుపు అక్కడే.

మన దగ్గర ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో మద్రాసులో రిజిస్టర్ అయింది, అప్పటికి నెల్లూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే కదా. 1935లో దానికీ చార్టర్. కానీ దాని అసలు విలువ ఏఎంఐఈది, అంటే కాలేజీకి పోకుండానే రాసి ఇంజనీర్ అయ్యే పరీక్షది. డిప్లొమాతో ఇరిగేషన్‌లోనో కరెంటాఫీసులోనో చేరినోళ్లు పగలు డ్యూటీ చేసి రాత్రి సెక్షన్ ఏ, సెక్షన్ బీ చదివి ఇంజనీర్లయ్యారు, మా పెదనాన్న తరంలో అలాంటోళ్లు వీధికొకరు. సొసైటీ అంటే వాళ్లకి నిచ్చెన. 2013 మే 31 తర్వాత చేరినోళ్లకి ఆ సర్టిఫికెట్ డిగ్రీకి సమానం కాదన్నారు, నిచ్చెన పోయింది, దాని బదులు ఇంకోటి ఎవరూ వేయలా.

ఐఎస్‌టీఈ, అంటే ఇండియన్ సొసైటీ ఫర్ టెక్నికల్ ఎడ్యుకేషన్, సంగతి ఇంకో రకం. 1941లో అది టెక్నికల్ కాలేజీల ప్రిన్సిపాళ్ల సంఘం, 1968లో ఇప్పటి పేరు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈలో పీజీ వాళ్లకి విడిగా మెంబర్‌షిప్ ఉంది, అయితే మా కాలేజీల్లో స్టూడెంట్ బ్రాంచ్ అంటే బీటెక్ వాళ్ల ఫెస్టూ టీషర్టులూ, అంతే.

ఈలోపు పీజీ చదువే మారిపోయింది. 2008లో జేఎన్టీయూని విడగొట్టాక నెల్లూరు కాలేజీలు అనంతపురం కిందికి, ప్రకాశం కాలేజీలు కాకినాడ కిందికి పోయాయి, పీహెచ్‌డీ పని మీద తిరగాలంటే రాత్రి బస్సులే గతి. గేట్ (ఎంటెక్ ఎంట్రెన్స్) స్కోరు ఉంటే నెలకి 12,400 స్టైపెండ్, లేకపోతే సున్నా, మా వైపు ఎక్కువమంది ఆ సున్నా బ్యాచే. దాని మీద 2020 డిసెంబర్‌లో జీవో 77 వచ్చి ప్రైవేట్ కాలేజీ పీజీలకి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఎత్తేసింది.

జర్నల్స్ సంగతి చెబితే కడుపు మండుద్ది. కేంద్రం 6,000 కోట్లతో తెచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరిలో మొదలైంది, దాదాపు 13,000 జర్నల్స్, కానీ మొదటి విడత సర్కారీ సంస్థలకే. మా రెండు జిల్లాల్లో ఇంజనీరింగ్ పీజీ చాలావరకు ప్రైవేట్ కాలేజీల్లోనే. అందుకే పిల్లోడు పేపర్ చదవడానికి దారి లేదు గానీ డబ్బు కట్టి పేపర్ వేయించుకోడానికి మాత్రం బోలెడు దారులు.

సొసైటీలు చేయగలిగింది ఇక్కడే. ఇంకో వర్క్‌షాప్, ఇంకో సర్టిఫికెట్ వద్దు బాబూ. మెంబర్‌షిప్ కట్టిన పీజీ స్టూడెంట్‌కి లైబ్రరీ తెరవండి, రాసిన డ్రాఫ్ట్ చదివి తప్పులు చెప్పే రిటైర్డ్ ఇంజనీర్ ఒకరిని చూపించండి, కాన్ఫరెన్స్‌కి పోడానికి రైలు టికెట్ ఇవ్వండి. పెన్నా మీద సంగం, నెల్లూరు బ్యారేజీలు 2022 సెప్టెంబర్‌లో తెరిచారు, పాత ఆనకట్టల దగ్గర ఏళ్ల తరబడి డ్యూటీ చేసినోళ్లు ఈ ఊళ్లలోనే ఉన్నారు, పెన్నా ఇసుక మీద థీసిస్ రాసే పిల్లోడు మాత్రం డేటా కోసం గూగుల్‌లో వెతుక్కుంటున్నాడు, ఆ ఇద్దర్నీ ఒక టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టడానికి చార్టర్ కూడా అక్కర్లేదు.