బ్యాటరీ విమానంలోకి టర్బైన్ ఎలా వచ్చింది

2025 నవంబరులో కాలిఫోర్నియాలోని మరీనాలో ఎగిరే టాక్సీలు తయారుచేసే జోబీ సంస్థ, బ్యాటరీతో పాటు ఇంధనాన్నీ వాడే హైబ్రిడ్ విమానాన్ని ఎగరేయడంతో పాత వాదం మళ్ళీ ముందుకొచ్చింది. సైన్యానికి విద్యుత్ విమానం పనికొస్తుందా, ఇంధనమే దిక్కా? నిలువుగా పైకి లేపేది విద్యుత్ మోటార్లే, కానీ ఇప్పుడు దాని కడుపులో ఇంధనం మండించే గ్యాస్ టర్బైన్ ఉంది. బ్యాటరీనే నమ్ముకున్న సంస్థ ఇక్కడిదాకా ఎందుకొచ్చిందో తెలియాలంటే 2020 ఏప్రిల్‌కు వెళ్ళాలి.

ఆ నెలలో అమెరికా వైమానిక దళం ఎగిరే టాక్సీల కోసం 'ఎజిలిటీ ప్రైమ్' అనే కార్యక్రమం ప్రారంభించింది. అప్పటి కొనుగోళ్ళ అధిపతి విల్ రోపర్ చెప్పిన కారణం యుద్ధభూమి నుంచి వచ్చింది కాదు. చిన్న డ్రోన్ల మార్కెట్ చైనా చేతికి పోయింది, ఎగిరే టాక్సీలదీ అదే దారి కాకూడదన్నది ఆయన బెంగ. అంటే సైన్యం తన అవసరం చెప్పి యంత్రం చేయించుకోలేదు. నగరంలో తిరగడానికి తయారవుతున్న దాన్ని తెచ్చుకుని, దేనికి పనికొస్తుందా అని వెతికింది. తరువాతి చిక్కులన్నీ ఈ తలకిందుల బేరంలోనే ఉన్నాయి.

2023 సెప్టెంబరులో జోబీ విమానం ఎడ్వర్డ్స్ వైమానిక దళ స్థావరానికి చేరింది. 2021లో ఆ సంస్థ నమూనా ఒక్క ఛార్జింగ్‌తో సుమారు 249 కిలోమీటర్లు ఎగిరింది. నగరానికి అది ధారాళం. మనిషిని దింపి తిరిగి రావలసిన సైనిక పైలట్‌కు అందులో సగమే దక్కుతుంది.

లెక్క మొండిది. కిలో విమాన ఇంధనంలో సుమారు 12 కిలోవాట్ గంటల శక్తి ఉంటే, కిలో లిథియం అయాన్ సెల్స్‌లో ఉండేది పావు కిలోవాట్ గంట. మోటారు పొదుపరి కాబట్టి తేడా కొంత తగ్గుతుంది, పూడదు. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ విమానం తేలికవుతుంది. ఖాళీ బ్యాటరీ మాత్రం అంతే బరువు.

విద్యుత్ పక్షం వాదన చప్పుడు, వేడి తక్కువని. ఇంధన లారీల బెడద కూడా తప్పుతుందంటుంది. అఫ్ఘానిస్తాన్‌లో 2007లో ప్రతి 24 ఇంధన కాన్వాయ్‌లకు ఒకరు చనిపోవడమో గాయపడడమో జరిగిందని అమెరికా సైన్యం అధ్యయనమే తేల్చింది. అయితే మారుమూల శిబిరంలో ఛార్జింగ్‌కు కరెంటు వచ్చేది మామూలుగా డీజిల్ జెనరేటర్ నుంచే.

2024 డిసెంబరులో మరో ఎగిరే టాక్సీల సంస్థ ఆర్చర్, రక్షణ సంస్థ ఆండురిల్‌తో కలిసి సైనిక హైబ్రిడ్ ప్రకటించింది. 2025 ఆగస్టులో జోబీ, మరో రక్షణ సంస్థ ఎల్‌3హారిస్‌తో అదే పని చేసింది. నగర టాక్సీలను మాత్రం రెండు సంస్థలూ బ్యాటరీతోనే ఉంచాయి.