ప్రాణవాయువుకూ మంచినీళ్లకూ మోతాదు ఎలా వచ్చింది

2021 ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకొన్న ఏడు ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. ఆ రోజుల్లో నగరంలో ఎన్నో ఇళ్లలో రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటర్‌ను వేలికి తగిలించి, 95 కనిపిస్తే 99 ఎందుకు రాలేదని కంగారుపడేవారు. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు మాత్రం కోవిడ్ రోగులకు ఆక్సిజన్ పెట్టినప్పుడు 92 నుంచి 96 శాతం మధ్య ఉంటే చాలని, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్నవారికి 88 నుంచి 92 సరిపోతుందని చెప్పాయి. కింది హద్దు ఎందుకో ఎవరికైనా తెలుస్తుంది. పైహద్దు ఎందుకు పెట్టవలసి వచ్చిందన్నదే ఈ కథనం.

అనుమానం ఆక్సిజన్‌తో పాటే పుట్టింది. 1774లో ఈ వాయువును వేరుచేసిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ, అందులో కొవ్వొత్తి త్వరత్వరగా కరిగిపోవడం చూసి, మనిషి ఆయువు కూడా అలాగే ముందుగా తీరిపోతుందేమోనని రాశాడు. అధిక పీడనంలో ఆక్సిజన్ పీల్చిన జంతువులకు మూర్ఛ వస్తుందని 1878లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ బెర్ట్ చూపితే, అంతకంటే తక్కువ పీడనంలోనైనా ఎక్కువసేపు పీలిస్తే ఊపిరితిత్తులు వాచిపోతాయని 1899లో లోరెయిన్ స్మిత్ నిరూపించాడు. ఇనుముకు తుప్పు పట్టించే గుణమే కణాలనూ దెబ్బతీస్తుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. విడి ఎలక్ట్రాన్ ఉండి చురుగ్గా చర్య జరిపే ఫ్రీ రాడికల్స్ అనే అణువుల వల్లే ఆ హాని జరుగుతుందన్న వివరణ 1954లో రెబెకా గెర్ష్‌మన్ బృందం నుంచి వచ్చింది.

బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా నిలిచి ఉన్న కుర్సురా జలాంతర్గామిలో, వంగి వంగి ఒక గదిలోంచి మరో గదిలోకి దాటినవారికి, లోపలి గాలి ఎంత లెక్కగా వాడుకోవలసిన సరుకో వేరే చెప్పనక్కరలేదు. 1939లో బ్రిటిష్ జలాంతర్గామి థెటిస్ మునిగి 99 మంది చనిపోయాక, ఆ గాలి లెక్కలు తేల్చే పనిలో దిగిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ప్రయోగాలకు తన ఒంటినే వాడుకున్నాడు. పీడన గదిలో ఆక్సిజన్ పీల్చి మూర్ఛపోయినప్పుడు ఆయన వెన్నుపూస దెబ్బతింది. ఆ హాల్డేనే తరవాత భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. మరణానంతరం కూడా తన దేహం చదువుకు పనికిరావాలన్న కోరిక మేరకు దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. మనకు కూతవేటు దూరంలో ఉన్న ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కకపోవడం నాకు లోటుగానే తోస్తుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ ఈదే డైవర్లను ఇప్పటికీ సాధారణంగా ఆరేడు మీటర్ల లోతు దాటనివ్వకపోవడానికి కారణం ఆ తరం ప్రయోగాలే.

అయితే అతి పెద్ద మూల్యం చెల్లించింది నెలలు నిండని శిశువులు. పాత ఇంక్యుబేటర్లలో గాలి బయటికి పోయేది కాబట్టి ఎంత ఆక్సిజన్ వదిలినా లోపల నిలిచేది కాదు. 1940లలో బిగుతైన మూతలతో మంచి పెట్టెలు వచ్చాయి. వాటితో పాటే ఒక కొత్త అంధత్వమూ వచ్చింది. 1942లో బోస్టన్ వైద్యుడు థియొడోర్ టెరీ దాన్ని వర్ణించగా, కారణం ఆక్సిజనే కావచ్చని 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ అన్నారు. 1953లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి మొదలుపెట్టిన పరీక్ష ఆ మాటను నిర్ధారించేటప్పటికి, సుమారు పదివేల మంది పిల్లలు చూపు కోల్పోయారు. ఆ వెంటనే జరిగింది ఇంకా బాధాకరం. ఆక్సిజన్‌ను 40 శాతానికి మించనివ్వకుండా కట్టడి చేయడంతో ఊపిరాడక చనిపోయే శిశువులు పెరిగారు. కాపాడిన ఒక్కో చూపుకు పదహారు ప్రాణాలు పోయి ఉండవచ్చని 1973లో లాన్సెట్ పత్రికలో ఒక అంచనా వెలువడింది. అందుకే నేడు శిశువుల వార్డుల్లో మానిటర్‌కు పైహద్దు, కింది హద్దు రెండింటికీ అలారం పెడతారు. మన దేశంలో 34 వారాలు నిండకుండా లేదా రెండు కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టినవారికి నెల తిరగకముందే రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయాలన్న నియమానికి మూలమూ ఇదే.

నీటి కథ ఇంత పెద్దది కాదు. అతిగా నీరు తాగితే వచ్చే అనర్థానికి 1923లో లియొనార్డ్ రౌన్‌ట్రీ ‘జల విషప్రభావం’ అని అర్థమిచ్చే పేరు పెట్టాడు. మూత్రపిండాలు గంటకు రమారమి లీటరు వరకే బయటికి పంపగలవు. అంతకు మించి తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే బాగా పడిపోతే కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి, పుర్రెలో బిగుసుకుని ఉన్న మెదడుకు ఉబ్బే చోటు ఉండదు. తలనొప్పి, వాంతి, తికమక, చివరికి ఫిట్స్. దాహం వేయకముందే తాగాలన్న సలహా పరుగుపందేల్లో పాకిపోయాక, 1985లో దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపాడు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తగ్గి ఉన్నట్టు తేలింది.

విశాఖ ఉక్కపోతలో చొక్కా పిండితే నీళ్లు కారే మే నెలలో, తక్కువ తాగమని ఎవరూ అనరు. వడదెబ్బే ఇక్కడ పెద్ద శత్రువు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, తరవాణి తాగే అలవాటు పోయి ఉత్త నీళ్లే సీసాలకొద్దీ పట్టించడమే చిక్కు, అందులోనూ బీపీకని నీరు తీసే మాత్రలు వాడే పెద్దవారికి. ఇక ఆరు నెలల లోపు పసివాడికి, నోరెండిపోతోందని అమ్మమ్మ గిన్నె, చెంచాతో వచ్చినా సరే, నీళ్లు పట్టకూడదు. తల్లిపాలలో 88 శాతం వరకు నీరే, ఆ చిన్ని మూత్రపిండాలకు అంతకు మించి నెట్టే శక్తి ఇంకా రాలేదు.