సూదికి భయపడి బిడ్డనే వద్దనుకుంటున్నారు: ఉమ్మనీటి పరీక్షపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల మళ్లీ అదే జరిగింది. 39 ఏళ్ల ఆవిడ, పెళ్లయిన పదకొండేళ్లకు నిలిచిన గర్భం. చేతిలో డబుల్ మార్కర్ రిపోర్ట్, అంటే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోమ్ ఎక్కువై ఎదుగుదల, బుద్ధి మందగించే స్థితి) ఉండే అవకాశాన్ని తల్లి రక్తంతో లెక్కగట్టే పరీక్షది. ఎర్ర అక్షరాల్లో 'హై రిస్క్', దాని కింద 1:60. పక్కన భర్త, వెనక అత్తగారు. కుర్చీలో సర్దుకోకముందే అత్తగారు అడిగారు: "తీసేయడానికి ఏ రోజు రమ్మంటారు మేడమ్?"

అంత తొందరొద్దమ్మా, ఉమ్మనీటి పరీక్ష (ఆమ్నియో) చేసి నిజంగా ఉందో లేదో తెలుసుకుందాం అన్నాను.

"అమ్మో! పొట్టలో సూది గుచ్చితే గర్భం పోతుందట కదా!"

ఫీటల్ మెడిసిన్‌లో, అంటే గర్భంలోని బిడ్డల వైద్యంలో, ఇన్నేళ్లుగా ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. వాళ్లను తప్పుపట్టను. ఆ ఎర్ర అక్షరాలు చూసిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. నా కోపమంతా సగం తెలిసి భయపెట్టేవాళ్ల మీద, వాట్సాప్‌లో తిరిగే కబుర్ల మీద.

అపోహ: హై రిస్క్ అంటే బిడ్డకు డౌన్ ఉన్నట్టే

కాదు. 1:60 అంటే, అలాంటి రిపోర్టే వచ్చిన 60 మంది తల్లుల్లో ఒక్కరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు. మిగతా 59 మందికి ఉండదు. ఆ రోజు రిపోర్ట్ వెనక్కి తిప్పి 60 సున్నాలు గీసి, ఒక్కదాన్ని పెన్నుతో నింపాను. అత్తగారు వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నారు. చివరికి "ఇన్ని బాగున్నవా?" అన్నారు. ఆవిడ గొంతు అప్పుడు మారింది.

డబుల్ మార్కర్, క్వాడ్రుపుల్, ఎన్‌ఐపీటీ, తల్లి రక్తంతో చేసే ఇవన్నీ జల్లెడలే. ఎవరికి అసలు పరీక్ష అవసరమో ఏరి చూపిస్తాయి, అంతవరకే. డబుల్ మార్కర్ లెక్కలో తల్లి వయసు కూడా కలుస్తుంది కాబట్టి 35 దాటినవాళ్లకు హై రిస్క్ అని రావడం మామూలే.

"ఎన్‌ఐపీటీకి వేలకు వేలు పోశాం, 99 శాతం అని రాసుంది కదా" అంటారు. ఆ 99 శాతం, డౌన్ ఉన్న బిడ్డల్లో ఎంతమందిని పట్టుకుంటుందన్న లెక్క. పాజిటివ్ వస్తే అది 99 శాతం నిజమని దాని అర్థం కాదు. పెద్ద వయసు తల్లుల్లో డౌన్‌కి పాజిటివ్ వస్తే చాలావరకు నిజమే అవుతుంది. ట్రైసోమీ 13 (13వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉండటం), సెక్స్ క్రోమోజోమ్‌ల విషయంలో మాత్రం తప్పుడు పాజిటివ్‌లు చాలా ఎక్కువ. తల్లి రక్తంలో ఎన్‌ఐపీటీ వెతికే డీఎన్‌ఏ మాయ నుంచి వచ్చినది. మాయలో తేడా ఉండి బిడ్డలో లేకపోవడం ఉంటుంది. అందుకే పాజిటివ్ వస్తే ఉమ్మనీటితో ఖరారు చేసుకోకుండా ఏ నిర్ణయమూ వద్దు.

ఆ కాగితం ఒక్కటే చూసి గర్భం తీయించుకుని వచ్చిన ఒకావిడ, రెండేళ్ల తర్వాత మళ్లీ గర్భంతో నా దగ్గరికి వచ్చారు. స్కాన్ టేబుల్ మీద పడుకుని, స్క్రీన్ వైపు చూడకుండా అడిగారు: "అప్పటిది బాగానే ఉండేదేమో కదా మేడమ్?" పరీక్ష చేయలేదు కాబట్టి నా దగ్గర జవాబు లేదు.

అపోహ: సూది గుచ్చితే గర్భం పోతుంది

వందకు ఒకటి పోతుందనే మాట 1986లో డెన్మార్క్‌లో వచ్చిన అధ్యయనం నాటిది. అప్పటి స్కానింగ్ మిషన్లకూ ఇప్పటివాటికీ పోలికే లేదు. చేయి తిరిగినవాళ్లు చేస్తే పరీక్ష వల్ల వచ్చే అదనపు ముప్పు వెయ్యిలో ఐదు కన్నా తక్కువేనని బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ 2021లో చెప్పింది. అసలు లేదని నేను అనను. కానీ 40 దగ్గరపడిన వయసులో ఏ సూదీ లేకుండానే కొన్ని గర్భాలు పోతాయి. పరీక్ష తర్వాత పోతే ఆ నింద సూది మీద పడుతుంది.

చేసేది ఇంతే. స్కాన్‌లో బిడ్డకు దూరంగా నీరున్న చోటు వెతికి, చూస్తూనే సన్నని సూది దింపుతాం. లేత గడ్డిరంగు నీరు 15 నుంచి 20 మిల్లీలీటర్లు, అంటే మూడు నాలుగు చెంచాలు. మొదటి కాస్త నీటిలో తల్లి కణాలు కలవొచ్చని పక్కన పెట్టేస్తాం. ఒకటి రెండు నిమిషాల పని. తీసిన నీరు మళ్లీ ఊరుతుంది. ఒకటి రెండు రోజులు బరువులు ఎత్తకపోతే చాలు, నెలంతా మంచం పట్టక్కర్లేదు. తల్లి బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే ముందే చెప్పాలి, యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడుతుంది.

15 వారాలు నిండాకే ఇది చేయాలి. ఇంకా ముందే తెలియాలంటే 11-14 వారాల మధ్య మాయ ముక్క తీసే సీవీఎస్ ఉంది. తొలి రిపోర్ట్ రెండు మూడు రోజుల్లో, పూర్తి కారియోటైప్ (క్రోమోజోమ్‌లన్నిటినీ చూసే రిపోర్ట్) రెండు మూడు వారాల్లో వస్తుంది. "టిఫాలో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) చూద్దాంలే" అని ఐదో నెల దాటించి వచ్చేవాళ్లకు ఆ వారాలు మిగలవు. చట్టం ప్రకారం 24 వారాలు దాటితే, బిడ్డలో తీవ్ర లోపం ఉంటే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాల్సిందే.

ఇక మిగతావి. టిఫా నార్మల్ వస్తే డౌన్ లేదనుకోకండి, స్కాన్‌కి ఏమీ కనబడని డౌన్ బిడ్డలు ఉంటారు. "మా వంశంలో ఎవరికీ లేదు" అంటారు, డౌన్ చాలావరకు వంశంతో పని లేకుండా అండంలో క్రోమోజోమ్‌లు విడివడేటప్పుడు జరిగే పొరపాటు. ఆడా మగా చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం, దయచేసి అడగొద్దు. 35 నిండితే పరీక్ష తప్పనిసరి కాదు. డౌన్ అవకాశం 35లో సుమారు 350కి ఒకటి, 40లో 100కి ఒకటి, 45లో 30కి ఒకటి. మెల్లగా పెరుగుతుంది, పుట్టినరోజు నాడు ఒక్కసారిగా దూకదు.

ఐవీఎఫ్‌లో దాత అండం వాడితే లెక్కలోకి వచ్చేది దాత వయసు, తల్లిది కాదు. మన చట్టం ప్రకారం దాతకు 23-35 మధ్య ఉండాలి. ఈ సంగతి అత్తమామల ముందు చెప్పలేక, ఫారంలో 44 అని సొంత వయసే రాసేస్తారు. రిస్క్ ఊరికే పెరిగిపోతుంది. అందుకే ఐవీఎఫ్ అని తెలిస్తే నేను అందరినీ బయటకు పంపి, ఆమె ఒక్కరినే అడుగుతాను.

ఆ 39 ఏళ్లావిడ 16వ వారంలో పరీక్ష చేయించుకున్నారు. మూడో రోజు తొలి రిపోర్ట్ నార్మల్ వచ్చింది, కారియోటైప్ కోసం చూస్తున్నాం.

అదే వారం 41 ఏళ్ల టీచర్ ఒకావిడ వచ్చారు. రిస్క్ 1:45. అన్నీ విని, "ఏ బిడ్డయినా నేను పెంచుకుంటాను. ఆ చిన్న ముప్పు కూడా నాకొద్దు మేడమ్" అన్నారు. డౌన్ బిడ్డల్లో దాదాపు సగం మందికి గుండె సమస్య ఉంటుందని, అందుకే గుండె స్కాన్ (ఫీటల్ ఎకో) వదలొద్దని చెప్పాను. తల ఊపారు. కేస్ షీట్‌లో 'ఆమ్నియో వద్దన్నారు' అని రాసి, టిఫాకీ ఫీటల్ ఎకోకీ తేదీలు ఇచ్చాను.