‘అందరూ పెట్టే సెట్టింగే కదా!’: కెర్నల్ మెమరీ లిమిట్లపై అపోహలు – వాస్తవాలు

విశాఖలో లినక్స్ సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. నా చేతికొచ్చే మెషీన్లు ఒకదానికొకటి పొంతన ఉండవు. రుషికొండ ఐటీ హిల్ మీద 256 జీబీ ర్యామ్‌తో డేటాబేస్ సర్వర్ ఒకటి, గాజువాకలో విడిభాగాల దుకాణంలో 4 జీబీతో నడిచే పాత డెస్క్‌టాప్ ఒకటి, ఫిషింగ్ హార్బర్ దగ్గర కోల్డ్ స్టోరేజీలో టెంపరేచర్ రాసుకునే అరచేయంత బోర్డు ఒకటి. మూడింటిలోనూ లినక్సే కాబట్టి ఒకదాని సిస్‌కంట్రోల్ ఫైలు (ర్యామ్, డిస్క్‌లను ప్రోగ్రాములకు పంచే లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్‌కు సెట్టింగులు చెప్పే ఫైలు) తెచ్చి ఇంకోదాంట్లో పడేస్తుంటారు. నాకొచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే దొరుకుతుంది.

అపోహ: ‘ఫ్రీ’ అంకె తగ్గిందంటే ర్యామ్ అయిపోయినట్టే

ఖాళీ ర్యామ్‌ను కెర్నల్ ఊరికే ఉంచదు. డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది, ప్రోగ్రాములకు మెమరీ కావాల్సినప్పుడు వదిలేస్తుంది. మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్ కొట్టినప్పుడు చూడాల్సింది చివరనున్న ‘అవైలబుల్’ కాలమ్. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి ఈ లెక్కను కెర్నలే కట్టి ఇస్తోంది.

రొయ్యల ఎగుమతి ఆఫీసు ఒకదాంట్లో సరిగ్గా గంట కొట్టినప్పుడల్లా బిల్లింగ్ మొరాయించేది. వెళ్లి చూస్తే క్రాన్‌లో (వేళకు పనులు నడిపే జాబితా) ఒక లైను ప్రతి గంటకీ డ్రాప్ క్యాషెస్‌లో 3 రాస్తోంది, అంటే దాచుకున్న క్యాష్ అంతా వదిలేయమని. “ర్యామ్ క్లీన్ అవుతుందని పెట్టానన్నా” అన్నాడు అక్కడి కుర్రాడు. 16 జీబీ మెషీన్లో ఫ్రీ 300 ఎంబీ అని చూసి కంగారుపడ్డాడు, పక్కనే అవైలబుల్ 11 జీబీ ఉంది. గంటగంటకీ క్యాష్ ఊడ్చేస్తుంటే రిపోర్టు ఫైళ్లన్నీ మళ్లీ హార్డ్ డిస్క్ నుంచి చదవాల్సి వచ్చేది. ఆ లైను తీసేయడంతో సమస్య పోయింది.

అపోహ: పెద్ద సర్వర్లో బాగా పనిచేసిన లిమిట్ చిన్నదాంట్లో ఇంకా మేలు చేస్తుంది

ఇది అన్నిటికంటే ప్రమాదకరం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ‘మిన్ ఫ్రీ కేబైట్స్’ అని ఒక సెట్టింగ్ ఉంది. అత్యవసరానికి కెర్నల్ అట్టిపెట్టుకునే నిల్వ అది. ప్రోగ్రాములు మామూలుగా దాన్ని తాకలేవు. కెర్నల్ దీన్ని ర్యామ్‌ను బట్టి తనే నిర్ణయించుకుంటుంది. కిలోబైట్లలో ఉన్న మెమరీని 16తో హెచ్చించి వర్గమూలం తీస్తుంది. 4 జీబీ మెషీన్‌కు 8 ఎంబీ వస్తుంది, 64 జీబీ మెషీన్‌కు 32 ఎంబీ. ర్యామ్ 16 రెట్లు పెరిగితే నిల్వ 4 రెట్లే పెరిగిందని గమనించండి. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ (మెమరీని పెద్ద ముక్కలుగా ఇచ్చే సౌకర్యం) ఆన్‌లో ఉంటే ఈ అంకె ఇంకొంత పెరుగుతుంది, కాబట్టి మీ మెషీన్లో వేరే విలువ కనిపిస్తే గాబరా పడొద్దు.

గాజువాక దుకాణం డెస్క్‌టాప్‌లో ఎవరో ఈ విలువను 2097152గా పెట్టారు, అంటే 2 జీబీ. పెద్ద సర్వర్ నుంచి తెచ్చిన ఫైలే అది. 64 జీబీలో 2 జీబీ పక్కన పెడితే పెద్దగా తెలియదు, 4 జీబీలో అది సగం. పైగా ఖాళీ మెమరీ ఆ నిల్వ కంటే పావు వంతు ఎక్కువ ఉన్నప్పుడే కెర్నల్ పేజీలు (మెమరీని పంచే చిన్న ముక్కలు) వెనక్కి లాక్కోవడం మొదలుపెడుతుంది, నిల్వ కంటే సగం ఎక్కువకు చేరేదాకా ఆపదు. అంటే 2.5 జీబీ దగ్గర మొదలై 3 జీబీ దాకా. మెషీన్ బూట్ అవుతుంది, డేటాబేస్ లేస్తుంది, ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రోగ్రాములను ఆపేసే కెర్నల్ ఏర్పాటు) వచ్చి దాన్ని చంపేస్తుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే ఫైలు చదివి మళ్లీ అదే తంతు. ర్యామ్ స్టిక్ పాడైందనుకుని యజమాని డాబాగార్డెన్స్ వెళ్లి కొత్తది కొనుక్కొచ్చారు కూడా. చివరికి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఆ ఒక్క లైను చెరిపాను. దీన్ని మరీ ఎక్కువ పెడితే మెషీన్ వెంటనే మెమరీ లేక పడిపోతుందని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. 1024 కంటే తగ్గించొద్దని కూడా అక్కడే ఉంది, భారం పడ్డప్పుడు మెషీన్ బిగుసుకుపోవచ్చు.

అపోహ: స్వాపినెస్ 60 అంటే ర్యామ్ 60 శాతం నిండగానే స్వాప్ మొదలవుతుంది

కాదు. స్వాప్ అంటే ర్యామ్‌లో పట్టని పేజీలను దాచే చోటు, మామూలుగా డిస్క్ మీద ఉంటుంది. స్వాపినెస్ అంకెకూ ర్యామ్ నిండిన శాతానికీ సంబంధం లేదు. మెమరీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చినప్పుడు ప్రోగ్రాముల పేజీలను స్వాప్‌కు పంపాలా, ఫైల్ క్యాష్‌ను వదలాలా అనే తూకం అది. 5.8 కెర్నల్ నుంచి 200 దాకా పెట్టొచ్చు. స్వాప్ అంతా జీర్యామ్‌లో (ర్యామ్‌లోనే కుదించి పెట్టే స్వాప్) ఉండే చిన్న బోర్డులకు 100 దాటిన విలువ బాగానే నప్పుతుంది. సున్నా పెట్టినా స్వాప్ ఆగిపోదు.

అపోహ: ఓవర్‌కమిట్ 2 పెడితే మెమరీ సమస్యలే రావు

ప్రోగ్రాములు అడిగినంత మెమరీ ఇస్తానని కెర్నల్ మాటిస్తుంది, నిజంగా వాడినప్పుడే పేజీలు ఇస్తుంది. ఈ మాటివ్వడానికి హద్దు పెట్టేదే ఓవర్‌కమిట్ మెమరీ. విలువ 2 అయితే హద్దు కచ్చితం: స్వాప్ మొత్తం, దానికి ర్యామ్‌లో 50 శాతం కలిపి. ఆ 50 అనేది ఓవర్‌కమిట్ రేషియో డీఫాల్ట్.

8 జీబీ ర్యామ్, 8 జీబీ స్వాప్ ఉన్న ఆఫీసు సర్వర్‌కు హద్దు 12 జీబీ. అదే సాఫ్ట్‌వేర్‌ను అదే ఫైలుతో క్లౌడ్‌కు మార్చారు మధురవాడ టీమ్ ఒకరు. అక్కడా 8 జీబీయే, కానీ స్వాప్ లేదు. హద్దు 4 జీబీకి పడిపోయింది. సగం ర్యామ్ ఖాళీగా ఉండగానే మెమరీ కేటాయించలేనని ఎర్రర్. రెండు రోజులు కోడ్‌లో లీక్ కోసం వెతికారు పాపం. మెమ్‌ఇన్ఫోలో (కెర్నల్ మెమరీ లెక్కలు చూపే ఫైలు) ‘కమిట్ లిమిట్’ (హద్దు), ‘కమిటెడ్ ఏఎస్’ (ఇప్పటిదాకా ఇచ్చిన మాట) అనే రెండు లైన్లు చూసుంటే నిమిషంలో తేలేది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కటే ఉన్న సర్వర్‌కు 2 మంచి ఎంపికే, రేషియోను ఆ మెషీన్‌కు లెక్కగట్టి పెట్టాలి. డేటాను ర్యామ్‌లో ఉంచే రెడిస్‌కైతే 1 (హద్దు చూడకుండా మాటివ్వడం) కావాలి, ఎందుకంటే డేటా సేవ్ చేసేటప్పుడు అది ఫోర్క్ అవుతుంది, అంటే తన నకలు ప్రాసెస్‌ను పుట్టిస్తుంది.

అపోహ: శాతాల్లో ఉన్న సెట్టింగులు ఏ మెషీన్‌కైనా వాటంతటవే సర్దుకుంటాయి

డర్టీ రేషియో డీఫాల్ట్ 20. వాడుకోదగ్గ మెమరీలో అంత శాతం దాకా, డిస్క్‌కు ఇంకా చేరని రాతలు ర్యామ్‌లో ఉండొచ్చు. 4 జీబీలో అది మహా అయితే 800 ఎంబీ. 256 జీబీలో 51 జీబీ దాకా పోతుంది. సెకనుకు 150 ఎంబీ రాసే హార్డ్ డిస్క్‌కు అదంతా దించుకోవడానికి 6 నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది, రాతలు చెల్లాచెదురుగా ఉంటే ఇంకా ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. యూపీఎస్ 10 నిమిషాలే నిలబడుతుందంటే షట్‌డౌన్ చేసేటప్పుడు అందులో సగం పైగా ఈ రాతలకే పోతుంది. పెద్ద సర్వర్లలో నేను శాతం వదిలేసి ఇదే హద్దును బైట్లలో చెప్పే డర్టీ బైట్స్ వాడతాను. బైట్స్ పెట్టగానే రేషియో సున్నా చూపిస్తుంది, అది తప్పేం కాదు.

అపోహ: హ్యూజ్ పేజీల సంఖ్య ఎక్కడైనా ఒకటే

ముందు వీటి అవసరం చూద్దాం. డేటాబేస్‌కు 8 జీబీ షేర్డ్ మెమరీ ఉందనుకోండి. 4 కేబీ పేజీలైతే పేజీ టేబుల్లో (ఏ పేజీ ర్యామ్‌లో ఎక్కడుందో రాసుకునే పట్టిక) సుమారు 21 లక్షల ఎంట్రీలు, ఒక్కోటి 8 బైట్లు, అంటే ప్రాసెస్‌కు 16 ఎంబీ. 200 కనెక్షన్లు మొత్తం మెమరీని తాకితే 3 జీబీకి పైగా పేజీ టేబుళ్లకే ఖర్చు. 2 ఎంబీ హ్యూజ్ పేజీలైతే ఎంట్రీలు 4096 చాలు.

ఆ 4096ను కాపీ చేసి 64 కేబీ పేజీల కెర్నల్ ఉన్న ఏఆర్ఎమ్ (వేరే రకం ప్రాసెసర్) సర్వర్లో పెట్టారనుకోండి. అక్కడ డీఫాల్ట్ హ్యూజ్ పేజీ 512 ఎంబీ. అంటే మీరడిగింది 2 టీబీ. కెర్నల్ ఎర్రర్ కూడా ఇవ్వదు, దొరికినంతా పట్టుకుంటుంది, మిగతా ప్రోగ్రాములకు ర్యామ్ మిగలదు. అక్కడ 8 జీబీకి కావాల్సిన సంఖ్య 16. మెమ్‌ఇన్ఫోలో ‘హ్యూజ్ పేజ్ సైజ్’ లైను చూసి, కావాల్సిన మెమరీని దాంతో భాగించాకే సంఖ్య టైపు చేయండి.