కాలేజీ ఫుట్‌బాల్ ఆఫెన్స్ బెంచ్ బలం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కొలంబస్‌లోనో ఆస్టిన్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలు ఆగస్టు వచ్చిందంటే అడిగే ప్రశ్న ఒకటే: "ఈసారి మా టీమ్ ఆఫెన్స్ ఎలా ఉంది?" వాళ్లు అడిగేది బంతి తమ చేతిలో ఉన్నప్పుడు దిగే ఆఫెన్స్‌లో మొదటి పదకొండు మంది, అంటే స్టార్టర్ల గురించి. నేను ఎక్కువగా చూసేది వాళ్ల వెనక ఉన్నవాళ్లని. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఆటల వీడియోలు ప్లే తర్వాత ప్లే చూసి, ఎవరు ఏ చోట నిలబడ్డారు, ఎన్ని స్నాప్‌లు (బంతిని వెనక్కి అందించడంతో మొదలయ్యే ఒక్కో ప్లే) ఆడారు, ఒకరు బయటికెళ్తే లోపలికొచ్చింది ఎవరు అని రాసిపెట్టడం నా ఉద్యోగం. సీజన్‌కి ముందు బెంచ్ గురించి జనం గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు అక్టోబరు దాటేసరికి నిలబడవు.

అపోహ: డెప్త్ చార్టులో ప్రతి చోటా రెండేసి పేర్లుంటే బెంచ్ గట్టిగా ఉన్నట్టే.

వాస్తవం: డెప్త్ చార్టు అనేది ఏ చోట ఎవరు మొదట, ఎవరు తర్వాత అని కోచ్‌లు బయటికి ఇచ్చే కాగితం. అవతలి జట్టు కూడా అదే చదువుతుందని వాళ్లకి బాగా తెలుసు. కాబట్టి అందులో ఉన్న వరసని నేను పెద్దగా పట్టించుకోను. పేర్లు కాకుండా మనుషుల్ని లెక్కపెడతాను. లైన్ సంగతే తీసుకోండి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడుతూ ముందు వరసలో ఐదుగురుంటారు: మధ్యలో సెంటర్, అతనికి రెండువైపులా గార్డ్‌లు, చివర్లలో టాకిల్స్. ఎడమ టాకిల్ వెనకున్న పేరు, కుడి టాకిల్ వెనకున్న పేరు ఒకే కుర్రాడివైతే, ఆ రెండు చోట్లకీ కలిపి ఉన్నది ఒక్క బ్యాకప్పే. కాగితం మీద ఇద్దరిలా కనిపిస్తాడు, ఒకే ఆటలో టాకిల్స్ ఇద్దరూ పడిపోతే మాత్రం రెండో చోట నిలబడేవాడు ఉండడు.

ఆ తర్వాత ఆడిన స్నాప్‌లు చూస్తాను. ఎన్ని ఆడాడన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు ఆడాడన్నది ముఖ్యం. 2018లో వచ్చిన నిబంధనతో ఒక ఆటగాడు నాలుగు ఆటల వరకు ఆడినా ఆ ఏడాదిని రెడ్‌షర్ట్‌గా (ఆడే అర్హత ఏళ్లలో లెక్కకి రాకుండా) మిగుల్చుకునే వీలొచ్చింది. దాంతో ఫ్రెష్‌మన్‌లకి (మొదటి ఏడాది కుర్రాళ్లకి) స్నాప్‌లు పెరిగాయి. కానీ 45-7 స్కోరు దగ్గర, నాలుగో క్వార్టర్లో, అవతలివాళ్ల బెంచ్ మీద ఆడిన ముప్పై స్నాప్‌ల కంటే, మొదటి హాఫ్‌లో నలుగురు స్టార్టర్ల మధ్య నిలబడి ఆడిన ఆరు స్నాప్‌లు నాకు ఎక్కువ చెబుతాయి.

అపోహ: మంచి రెండో క్వార్టర్‌బ్యాక్ ఉంటే ఆఫెన్స్‌కి ఢోకా లేదు.

వాస్తవం: దీనికి అందరూ చూపించే ఉదాహరణ 2014 ఒహైయో స్టేట్. ఆగస్టులోనే బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజం గాయంతో సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అతని బదులు వచ్చిన జె.టి. బారెట్‌కి నవంబరు చివర మిషిగన్‌తో ఆటలో చీలమండ విరిగింది. మూడోవాడు కార్డేల్ జోన్స్ దిగాడు. విస్కాన్సిన్ మీద 59-0, అలబామా మీద 42-35, ఫైనల్లో ఆరెగన్ మీద 42-20. చూడ్డానికి ఇది క్వార్టర్‌బ్యాక్‌ల కథే.

అదే సీజన్ రెండో ఆట తీసి చూడండి. వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడిపోయారు. ఆ రోజు బారెట్‌ని ఏడుసార్లు సాక్ చేశారు, అంటే పాస్ విసిరేలోపే పడగొట్టారు. ముందు ఏడాది లైన్‌లో మిగిలిన స్టార్టర్ టేలర్ డెకర్ ఒక్కడే, అతను కూడా కుడి టాకిల్ నుంచి ఎడమకి మారాడు. మిగతా నలుగురూ కొత్త. ఆ ఐదుగురూ కుదురుకోవడానికి చాలా వారాలు పట్టింది. డిసెంబరు నాటికి కుదిరారు. జోన్స్ మొదలుపెట్టిన మూడు ఆటల్లో రన్నింగ్ బ్యాక్ ఎజెకియల్ ఎలియట్ పరుగెత్తిన యార్డులు 220, 230, 246. ముందు దారి తెరిచే లైన్, బంతి మోసే ఎలియట్ ఉన్నారు కాబట్టి మూడో క్వార్టర్‌బ్యాక్ మీద భారమంతా పడలేదు. వర్జీనియా టెక్ నాటి లైన్ వెనక జోన్స్‌ని నిలబెట్టి ఉంటే అతని చెయ్యి ఎంత బలమైనదైనా ఇలా సాగేది కాదని నా నమ్మకం.

ఇంకో వైపు 2023 ఫ్లోరిడా స్టేట్ ఉంది. నవంబరు 18న క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. రెండోవాడు కూడా దెబ్బతినడంతో కాన్ఫరెన్స్ (జట్ల లీగ్) ఫైనల్ ఆడింది ఫ్రెష్‌మన్ బ్రాక్ గ్లెన్. డిఫెన్స్ పుణ్యమా అని లూయివిల్ మీద 16-6తో గెలిచి 13-0తో నిలిచారు. అయినా టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లోకి ఎంపిక కమిటీ తీసుకోలేదు. పెద్ద కాన్ఫరెన్స్ నుంచి ఒక్క ఓటమీ లేని ఛాంపియన్‌ని నాలుగు జట్ల ప్లేఆఫ్ నుంచి వదిలేయడం అదే మొదటిసారి. ట్రావిస్ లేని ఆఫెన్స్ వేరే ఆఫెన్స్ అని కమిటీ అనుకుంది. ఆ కుర్రాళ్లకి జరిగింది అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ రోజు మైదానంలో ఆఫెన్స్ ఎంత కుంచించుకుపోయిందో ఫిల్మ్‌లో కనిపిస్తుంది.

అపోహ: లైన్‌లో ఐదుగురు స్టార్టర్లూ తిరిగొస్తున్నారు, ఇక ఆ సంగతి మర్చిపోవచ్చు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టే మాట ఇదే.

పాస్ పట్టే రిసీవర్లు, రన్నింగ్ బ్యాక్‌లు ఆటంతా మారుతూనే ఉంటారు. నాలుగో రిసీవర్‌కి కూడా ప్రతి వారం పని దొరుకుతుంది. లైన్ అలా కాదు. ఎవరికీ దెబ్బ తగలకపోతే ఆ ఐదుగురే దాదాపు ప్రతి స్నాప్ ఆడతారు. ఆరోవాడు వారాల తరబడి సైడ్‌లైన్‌లో హెల్మెట్ పట్టుకుని నిలబడతాడు, ఒకరోజు హఠాత్తుగా స్టేడియంలో లక్షమంది అరుస్తుండగా లోపలికి పరుగెత్తాలి.

పైగా ఏ చోటికి వెళ్లాలన్నది ఇంకో సమస్య. ఎడమ టాకిల్ ఎడమ కాలు వెనక పెట్టి నిలబడతాడు, స్నాప్ పడగానే ఆ కాలితోనే వెనక్కి అడుగేస్తాడు. అతన్నే కుడివైపుకి మారిస్తే కాలు, చెయ్యి, నడుం తిరిగే తీరు అన్నీ తారుమారు. అలవాటు లేనివాడిని ఫిల్మ్‌లో ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూస్తే మొదటి అడుగులోనే దొరికిపోతాడు. పాదం నేలకి ఆనడం ఒక క్షణం ఆలస్యమవుతుంది, ఆ తొందరలో భుజాలు ముందే బయటికి తిరిగిపోతాయి, లోపలివైపు తెరుచుకున్న సందులోంచి అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికొచ్చే ఎడ్జ్ రషర్ దూరిపోతాడు. క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని తలెత్తేలోపే అయిపోతుంది.

సెంటర్ సంగతి మరీ సున్నితం. క్రికెట్లో కీపర్‌లాగా అతను దాదాపు ప్రతి బంతినీ ముట్టుకోవాలి, ఒక్కటి తప్పినా అందరికీ కనిపిస్తుంది. షాట్‌గన్ అనే ఫార్మేషన్‌లో ఐదు యార్డుల వెనకున్న క్వార్టర్‌బ్యాక్‌కి కాళ్ల సందులోంచి బంతి పంపాలి, ఆ వెంటనే ఎదురుగా నూట నలభై కిలోల మనిషిని ఆపాలి. దానికి ముందు అవతలి డిఫెన్స్ రెండో వరసలో నిలబడే లైన్‌బ్యాకర్లని చూసి ఎవరు ఎవరిని పట్టుకోవాలో పక్కవాళ్లకి అరిచి చెప్పాలి. బ్యాకప్ సెంటర్ వచ్చిన ఆటలో నేను మొదట చూసేది స్నాప్ ఎత్తు. క్వార్టర్‌బ్యాక్ మోకాలి దగ్గరికి బంతి వచ్చిందంటే అతని కళ్లు డిఫెన్స్ మీద నుంచి కిందికి దిగుతాయి. స్కోర్‌షీట్‌లో అది మామూలు ఇన్‌కంప్లీట్ (ఎవరికీ అందని) పాస్‌గానే మిగులుతుంది.

నిజమైన బెంచ్ ఎలా ఉంటుందో 2024 ఒహైయో స్టేట్ చూపించింది. అక్టోబరులో ఆరెగన్‌లో 32-31తో ఓడిన ఆటలోనే ఎడమ టాకిల్ జాష్ సిమన్స్ సీజన్ ముగిసిపోయింది. అతని బదులు దిగిన బ్యాకప్ తర్వాతి ఆటలో ఇబ్బంది పడ్డాడు, గాయపడ్డాడు. అప్పుడు ఎడమ గార్డ్ డానవన్ జాక్సన్‌ని టాకిల్‌కి జరిపి, కార్సన్ హింజ్‌మన్‌ని గార్డ్‌లో పెట్టారు. నవంబరులో సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్‌కి ప్రాక్టీసులో మడమ వెనకుండే స్నాయువు (అకిలిస్ టెండన్) తెగింది. హింజ్‌మన్ సెంటర్‌కి జరిగాడు, గార్డ్‌లోకి లూక్ మాంట్‌గమరీ వచ్చాడు. నవంబరు 30న మిషిగన్ చేతిలో 13-10తో ఓడినప్పుడు ఈ లైన్‌తో ఇక కష్టమే అన్నారు. ఆ తర్వాత టెనెసీ, ఆరెగన్, టెక్సస్, నాటర్ డేమ్‌లని వరసగా ఓడించి జనవరి 20న టైటిల్ గెలిచారు. ఆ సీజన్‌లో వాళ్లు ఆడినవి 16 ఆటలు. పన్నెండు జట్ల ప్లేఆఫ్ వచ్చాక సీజన్ ఇంత పొడుగైంది, ఐదుగురితో దాన్ని దాటించాలనుకోవడం అత్యాశ.

ఇద్దరు ముఖ్యులు పోయినా వాళ్లని ఆదుకున్నది జాక్సన్, హింజ్‌మన్ లాంటి ఒకటికి మించి చోట్లలో ఆడగలిగినవాళ్లు. అందుకే ఆగస్టులో నా మొదటి ప్రశ్న "ఎడమ టాకిల్ పోతే ఎంతమంది చోటు మారాలి?" ఒక్కడే దిగి సరిపోతే బెంచ్ బాగుంది. ఇద్దరు జరగాల్సి వస్తే, వాళ్లు ఆ కొత్త చోట్లలో క్యాంప్‌లో ఎన్ని రోజులు ఆడారో చూడాలి.

అపోహ: ఏ లోటున్నా ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోంచి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలోంచి) తెచ్చుకోవచ్చు.

వాస్తవం: తెచ్చుకోవచ్చు. పైన చెప్పిన సిమన్స్ శాన్ డియేగో స్టేట్ నుంచి, మెక్‌లాఫ్లిన్ అలబామా నుంచి వచ్చినవాళ్లే. కానీ వాళ్లు స్టార్టర్లుగా వచ్చారు. ఆరోవాడిగా, ఏడోవాడిగా కూర్చోడానికి ఎవరూ ఊరు మారరు. 2018లో పోర్టల్ మొదలై, 2021 నుంచి ఒకసారి బదిలీ అయితే ఏడాది ఆగాల్సిన అవసరం పోయాక, అంతకుముందు రెండు మూడేళ్లు ఓపికగా వెనక నిలబడే మూడో ఏడాది కుర్రాడు ఇప్పుడు ఇంకో చోట స్టార్టర్ అవుతున్నాడు. పోర్టల్ వల్ల ముందు వరస మెరుగుపడిన జట్లలోనే వెనక వరస పలచబడటం నేను ఎక్కువగా చూస్తున్నాను.

2023 కొలరాడో జట్టుని గుర్తు చేసుకోండి. దాదాపు జట్టంతా కొత్తగా వచ్చింది, క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్ పాస్‌లకి దేశమంతా ఊగిపోయింది, 3-0తో మొదలుపెట్టారు. లైన్ మాత్రం నిలబడలేదు. శాండర్స్‌ని 50కి పైగా సాక్ చేశారు. 4-8తో సీజన్ ముగిసింది.

అపోహ: స్టార్ రేటింగ్ చూస్తే బెంచ్ తెలిసిపోతుంది.

వాస్తవం: హైస్కూల్లో ఇచ్చిన నక్షత్రాలు ఆ కుర్రాడు ఏం కాగలడో చెబుతాయి, ఈ సెప్టెంబరులో ఏం చేస్తాడో చెప్పవు. జార్జియాకి 2021, 2022 సీజన్లలో టైటిళ్లు తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్ స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరినవాడు.

అపోహ: టైట్ ఎండ్ బెంచ్ అంత ముఖ్యం కాదు.

వాస్తవం: దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ఇది ముఖ్యం. లైన్ పక్కన నిలబడి అవతలివాళ్లని ఆపడం, పాస్ పట్టడం రెండూ చేసేవాడు టైట్ ఎండ్. ఇద్దరు టైట్ ఎండ్‌లతో ఎక్కువగా ఆడే జట్టుకి ఒకడు దూరమైతే ఆ ఫార్మేషన్లన్నీ ప్లే షీట్ నుంచి పోతాయి. మూడో రిసీవర్ లోపలికొస్తాడు, అతను డిఫెన్సివ్ ఎండ్‌ని ఆపలేడు, షార్ట్ యార్డేజ్‌లో (ఒకటి రెండు యార్డులు చాలే చోట) పరుగు ఆగిపోతుంది. ఇంట్లో చూసేవాళ్లు రన్నింగ్ బ్యాక్‌ని తిట్టుకుంటారు.

అపోహ: స్ప్రింగ్ గేమ్ చూస్తే అంతా అర్థమైపోతుంది.

వాస్తవం: స్ప్రింగ్‌లో అనుమతించేది 15 ప్రాక్టీసులు, జట్టు తనలో తానే రెండుగా చీలి ఆడుకునే ఆ గేమ్ అందులో ఒకటి. డిఫెన్స్ అసలు బ్లిట్జ్‌లు (క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా మనుషుల్ని పంపే ప్లేలు) చూపించదు, క్వార్టర్‌బ్యాక్‌ని ముట్టుకోరు, లైన్‌ని రెండు జట్లకి పంచేస్తారు. 2025లో టెక్సస్, నెబ్రాస్కా మామూలు స్ప్రింగ్ గేమ్ ఆడనేలేదు.

అంతకంటే మొదటి ఆట చూడండి, అవతలిది చిన్న జట్టే అయినా సరే. మూడో క్వార్టర్లో స్టార్టర్లు ఐదుగురినీ ఒకేసారి తీసేసి బెంచ్‌లోని ఐదుగురినీ దింపితే, అది స్టార్టర్లకి విశ్రాంతి ఇవ్వడం. మొదటి హాఫ్‌లో, ఆట ఇంకా తేలకముందే, రెండు మూడు డ్రైవ్‌లకొకసారి (బంతి చేతికొచ్చిన ఒక్కో వంతు ఒక డ్రైవ్) ఒక్క గార్డ్‌ని బయటికి పిలిచి ఆరోవాడిని ఆ నలుగురి మధ్యలోకి పంపుతుంటే, ఆ లైన్ కోచ్ నవంబరు కోసం ఇప్పుడే పని మొదలుపెట్టాడు. ఆ ఆరోవాడి నంబరు రాసిపెట్టుకోండి.