సెల్ఫ్ కొట్టకపోతే బ్యాటరీదే తప్పా? కారు కరెంటు, పాటల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన పెండ్లిళ్ల సీజన్‌లో దేవరకొండ దిక్కు నుంచి ఒక కుటుంబం కారును తాడు కట్టి మా దుకాణానికి లాక్కొచ్చింది. 14 నెలల్లో అది మూడో బ్యాటరీ. "అన్నా, కొత్తది ఏశి నెల గాలే. పొద్దుగాల సెల్ఫ్ కొడ్తె మూలిగి ఆగిపోతున్నది. ఈ కంపెనీ బ్యాటరీలే మంచిగ లేవా?" అని అడిగాడు ఆ ఇంటి తమ్ముడు. మీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. అంటే నిండుగా ఉంది. మీటర్ ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద, రెండో కొసను ఇంజన్ ఇనుము మీద ఆనించి సెల్ఫ్ కొట్టమన్నాను. 1.8 వోల్టులు. అక్కడ 0.2 దగ్గర ఉండాలి, ఎంత లేదన్నా 0.5 దాటకూడదు. ఇంజన్‌ను బాడీకి కలిపే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. కరెంటు బ్యాటరీలో ఉంది గానీ సెల్ఫ్ దాకా పోయి తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. పట్టీ మార్చాం, బోల్టు కింద గీకి శుభ్రం చేశాం, బండి మొదటి దెబ్బకే లేచింది. మూడు బ్యాటరీలకు పోసిన డబ్బులో ఇరవయ్యో వంతు కూడా ఖర్చు కాలేదు.

నల్లగొండలో ఏండ్ల తరబడి ఈ కార్ల కరెంటు పనే చేస్తున్నాను. నా దగ్గరికొచ్చే కార్లలో చాలావాటికి పోయింది సామాను కాదు, జాయింటు. కొలవకుండా సామాను మార్చడం వల్లే ఇంట్లోవాళ్ల డబ్బులు పోతున్నాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: సెల్ఫ్ కొట్టకపోతే బ్యాటరీ పోయినట్టే.

ముందు చెవితో వినండి. తాళం తిప్పగానే టకటకటక అని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జ్ తక్కువున్నట్టు, లేదంటే టెర్మినల్ వదులైనట్టు. ఒక్కసారే గట్టిగా టక్కుమని ఆగిపోతే సెల్ఫ్ మోటారునూ, దానికి పోయే లావు వైర్లనూ చూడాలి. అసలు చప్పుడే రాకపోతే ఫ్యూజ్, రిలే, తాళం స్విచ్, కొన్ని కార్లలో క్లచ్ పెడల్ దగ్గరుండే స్విచ్. బ్యాటరీ టెర్మినల్‌ను చేత్తో పట్టి తిప్పి చూడండి. కొంచెం కదిలినా అది వదులే. దాని మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే మైనస్ ముందు, ప్లస్ తర్వాత విప్పి, తినే సోడా కలిపిన నీళ్లతో బ్రష్ పెట్టి కడిగి ఆరబెట్టండి. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. బిగించాకే పైన కొంచెం వాజలిన్ రాయాలి. ముందే రాసి బిగించొద్దు.

ఐదు వందల లోపు దొరికే డిజిటల్ మీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. రాత్రంతా ఆపి ఉన్న కారుకు పొద్దున్నే కొలిస్తే 12.6 నిండు, 12.4 ముప్పావు, 12.2 సగం, 12 కిందికి దిగితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. అదీ చార్జ్ నింపి మళ్లీ కొలిచాకే. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే డైనమో (ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది) ఎక్కువ చార్జ్ చేస్తోంది, బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి. కొత్త కార్లలో డైనమో ఎప్పుడు ఎంత ఇవ్వాలో కంప్యూటర్ చెబుతుంది. అంకె కాసేపు కిందికి దిగగానే డైనమో పోయిందనుకోకండి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి మళ్లీ చూడండి.

అపోహ: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకితే, బండి ఆగకుంటే డైనమో మంచిగున్నట్టు.

ఇది ఇప్పటికీ రోడ్ల మీద చేస్తున్నారు. దయచేసి మీ కారుకు చేయనివ్వకండి. పాత డీజిల్ జీపుల్లో ఇంజన్ నడవడానికి కరెంటుతో పెద్దగా పనిలేదు, కంప్యూటరే లేదు. అందుకని ఆ రోజుల్లో చెల్లింది. ఇప్పటి కారులో బ్యాటరీ, డైనమో ఇచ్చే కరెంటులోని ఎగుడుదిగుళ్లను మింగే దిండులాంటిది. దాన్ని ఒక్కసారిగా పీకేస్తే వోల్టేజీ కంటి రెప్పపాటులో పదుల వోల్టులకు ఎగబాకి ఇంజన్ కంప్యూటర్‌కో, బ్రేకుల ఏబీఎస్ యూనిట్‌కో, స్టీరియోకో తగులుతుంది. ఇట్లా ఇంజన్ కంప్యూటర్ కాలిపోయిన రెండు కార్లు మా దుకాణానికి వచ్చాయి. రెండు ఇండ్లవాళ్లూ వచ్చిన ఖర్చు వినగానే కొద్దిసేపు మాట్లాడలేకపోయారు. డైనమో బాగుందో లేదో మీటర్ పెడితే పది సెకన్లలో తెలుస్తుంది.

అపోహ: నిలబెట్టిన కారు కరెంటు తినదు.

తింటుంది. గడియారం, సెంట్రల్ లాక్, అలారం, కంప్యూటర్ జ్ఞాపకం, వీటన్నిటికీ కలిపి 50 మిల్లీ ఆంపియర్ల దాకా పోవడం మామూలే. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, అంటే ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇచ్చేది అనుకుందాం. 50 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 15 రోజులకు 18. సగం బ్యాటరీ అక్కడే అయిపోయింది. కొడుకు హైదరాబాద్‌లో కొలువు చేస్తూ నెలకొకసారి ఊరికొచ్చే ఇండ్లల్లో కారు లేవకపోవడానికి ఇదే కారణం. ఆ కారుకు జబ్బేమీ లేదు. నెల రోజులు తీయమనుకుంటే మైనస్ టెర్మినల్ విప్పిపెట్టండి. స్టీరియోకు కోడ్ ఉంటే ముందే రాసిపెట్టుకోండి.

నిజంగా జబ్బున్న కార్లు వేరు. బయటి దుకాణంలో స్టీరియో బిగించుకున్న కార్లలో ఎక్కువగా కనిపించేది ఇది. స్టీరియోకు పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది. తొందరలో బిగించేవాళ్లు రెండిటినీ కలిపి చుట్టేస్తారు. తాళంచెవి బయటికి తీసినా స్టీరియో లోపల నిద్రపోదు. ఒక కారులో 0.3 ఆంపియర్లు పోతుండగా పట్టుకున్నాను. మూడు రోజులు నిలబెడితే 20 ఆంపియర్ అవర్ల పైన పోయినట్టే. డ్యాష్‌క్యామ్, జీపీఎస్, మూత మూసినా ఆరిపోని డిక్కీ లైటు కూడా ఇట్లాంటి దొంగలే. పట్టుకోవాలంటే మీటర్‌ను పది ఆంపియర్ల దగ్గర పెట్టి మైనస్ వైరుకూ బ్యాటరీకీ మధ్యలో కలపాలి. తలుపులు మూసి అరగంట ఆగాలి. కారు కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు, వాటి టైము వాటికివ్వాలి. మీటర్ అట్లా ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు. ఆ తర్వాత ఒక్కో ఫ్యూజ్ తీసి పెడుతూ పోతే, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో తప్పు ఆ లైనులో ఉన్నట్టు.

ఐదు నిమిషాలు ఐడిల్‌లో పెడితే చార్జ్ ఎక్కుతుందన్న మాటా నిజం కాదు. నెమ్మదిగా తిరిగే డైనమో ఇచ్చేదే కొంచెం, అందులో ఏసీ, లైట్లు వాటా తీసుకుంటాయి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా పోయి రండి, కొంత ఎక్కుతుంది. పూర్తిగా దిగిన బ్యాటరీకి చార్జరే మందు.

ఇంకో కారు బ్యాటరీతో లేపడానికి జంపర్ వైర్లు వేస్తే, ఎరుపు వైరు ఒక బ్యాటరీ ప్లస్ నుంచి రెండో బ్యాటరీ ప్లస్‌కు. నలుపు ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, ఆఖరి కొస లేవని కారు ఇంజన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ నుంచి మండే గ్యాస్, హైడ్రోజన్ వస్తుంది. ఆఖరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. ఆ రెండూ కలవకూడదు.

అపోహ: బ్యాటరీలు చలికాలంలో పోతాయి.

చలిలో బయటపడతాయి. పాడయ్యేది మన ఎండల్లో. మే నెలలో బయట 44 డిగ్రీలుంటే బానెట్ కింద ఎంతుంటుందో చేయి పెట్టి చూసినవాళ్లకు తెలుసు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా పనిలో లెక్క. నీడలో నిలపండి. నీళ్లు పోసే రకమైతే ఎండాకాలంలో నెలకోసారి మూత తీసి చూసి, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. బోరు నీళ్లు వద్దే వద్దు. మునుగోడు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలనే వంచాయి, సీసం ప్లేట్లను వదులుతాయా? ఆర్వో నీళ్లలో కూడా లవణాలు మిగులుతాయి. యాసిడ్ అసలే పోయొద్దు, తగ్గేది నీళ్లే.

అపోహ: ఫ్యూజ్ మాటిమాటికి పోతుంటే పెద్దది వేస్తే సరి.

ఫ్యూజ్ ఉన్నది చార్జర్‌నో హారన్‌నో కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. 15 ఆంపియర్లు మోసే వైరుకు 30 ఫ్యూజ్ వేస్తే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద పొగ వచ్చి ఆగిన కారు చూడడానికి పోయాను. ఫ్యూజ్ చోట సిగరెట్ పెట్టెలోని తళుకు కాగితం చుట్టి ఉంది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. వాళ్ల నాయన టైముకు దించాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పోయిన రంగుదే వేయండి, మళ్లీ పోతే కారణం వెతకండి. చార్జింగ్ సాకెట్ ఫ్యూజ్ పోతుంటే ముందు టార్చ్ వేసి సాకెట్ లోపల చూడండి. విరిగిన చార్జర్ ముక్కో, పిల్లలు వేసిన రూపాయి బిళ్లో తరచుగా దొరుకుతుంది.

హెడ్‌లైట్లదీ ఇదే కథ. 60/55 వాట్ల (హై బీమ్/లో బీమ్) బల్బు చోట 100/90 వేస్తే కరెంటు 5 ఆంపియర్ల నుంచి 8 దాటుతుంది. జాయింట్లలో పుట్టే వేడి దాదాపు మూడింతలవుతుంది. హోల్డర్ కరిగి, స్విచ్ మాడిన కార్లు చాలా చూశాను. వెలుతురు తగ్గిందంటే ముందు పసుపెక్కిన అద్దం, బల్బు ఎర్త్ చూడండి.

ఎలుకల సంగతి ఒక్క మాట. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర, వడ్ల కల్లాల పక్కన నిలిపే కార్లకు వైర్లు కొరికించుకోవడం తప్పదన్నట్టుంది. పొగాకు కట్టలు పెడితే రావంటారు. పొగాకు పక్కనే ఎలుక గూడు చూశాను నేను. రోజూ పొద్దున బానెట్ తెరిచి చూడడం, కారు చుట్టూ తిండి గింజలు లేకుండా చూడడం, రెండు రోజులకోసారైనా బండి కదపడం, ఇవే పనికొస్తున్నాయి.

అపోహ: స్పీకర్లలో కుయ్యిమంటే స్టీరియో పోయినట్టు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ కూత కూడా సన్నబడి పైకి పోతుందా? అయితే అది డైనమో చప్పుడు, ఎర్త్ దారిలో పాటల్లోకి దూరుతోంది. ఫోన్‌కు చార్జర్ పెట్టి ఆక్స్ వైరుతో పాటలు వింటుంటే చార్జర్ పీకి చూడండి. కూత ఆగితే స్టీరియోకు ఏమీ కాలేదు. బ్లూటూత్‌లో వినండి, లేదా ఆక్స్ వైరుకు ఐసోలేటర్ (ఈ కూతను ఆపే చిన్న డబ్బా) పెట్టించుకోండి. యాంప్లిఫయర్ ఉంటే దాని ఎర్త్ వైరు అర మీటరు లోపే ఉండాలి, బాడీ మీద రంగు గీకి ఇనుముకు బిగించాలి. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు ఒక పక్క, పాటల వైర్లు రెండో పక్క పోవాలి. రెండూ కలిపి ఒకే కార్పెట్ కింద తోస్తే ఆ కూత పోదు.

డబ్బా మీద "50 వాట్లు × 4" అని ఉంటే అది నమ్మి కొంటారు. స్టీరియో వెనక ఫ్యూజ్ చూడండి, సాధారణంగా 10 ఆంపియర్లది ఉంటుంది. 14.4 వోల్టులతో గుణిస్తే లోపలికి పోయేదే 144 వాట్లు. అందులో కొంత వేడికి పోగా బయటికి 200 ఎట్లా వస్తుంది? నిజంగా వచ్చేది ఒక్కో స్పీకర్‌కు 15 నుంచి 20 వాట్లు. డబ్బా మీద ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) అని రాసిన అంకె ఒక్కటే చూడండి. శబ్దం పగిలేదాకా వాల్యూమ్ పెంచితే ముందు కాలేది సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు, ట్వీటర్లు.

ఒక తలుపు స్పీకర్ తలుపు తీసినప్పుడు ఆగి, మూస్తే మోగుతుందా? స్పీకర్ మార్చకండి. తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు తొడుగులో వైరు వంగి వంగి తెగి ఉంటుంది. పవర్ విండో కూడా మొండికేస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. కొత్త స్టీరియోకు కారు వైర్లు కోయించకండి, మీ కారుకు సరిపోయే కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) వేరుగా దొరుకుతుంది. స్టీరింగ్ కింద, సీట్ల కింద పసుపు కప్లర్లు కనిపిస్తే ముట్టొద్దు, అవి ఎయిర్‌బ్యాగులవి.

జడ్చర్ల నుంచి ఒక పెద్దమనిషి కొత్త స్టీరియోలో రేడియో రావట్లేదని వచ్చాడు. రోజూ పొద్దున వార్తలు వినే అలవాటు ఆయనది. హైదరాబాద్ ఎఫ్ఎం స్టేషన్లు దూరం పోయేకొద్దీ పలచబడడం సహజమే, కానీ ఆయనకు ఊరి దగ్గరి స్టేషన్ కూడా గరగరమంటోంది. రెండుసార్లు స్టీరియో మార్పించాడట. ఆయన కారు పైకప్పు ఏరియల్‌లో సిగ్నల్ పెంచే చిన్న బూస్టర్ ఉంది, దానికి కరెంటు స్టీరియో నీలం వైరు నుంచి పోవాలి. బిగించినవాళ్లు ఆ వైరుకు టేపు చుట్టి వదిలేశారు. టేపు విప్పి కలిపాను. "ఇదే సారూ, ఇదే!" అంటూ ఆయన వాల్యూమ్ పెంచి, తలుపు మూసుకుని, వార్తలు అయిపోయేదాకా దుకాణం ముందే కూర్చున్నాడు.