లా గోమెరా చుట్టుదారులు: అపోహలు – వాస్తవాలు

స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని లా గోమెరాలో కొండదారుల వెంట జనాన్ని నడిపించడం నా పని. పొద్దున బయల్దేరిన ఊరికే సాయంత్రానికి తిరిగొచ్చే చుట్టుదారులే ఎక్కువ. వచ్చేవాళ్లు వేసుకునే లెక్కలు మాత్రం చాలాసార్లు తప్పుతాయి.

అపోహ: చిన్న దీవి కదా, పది కిలోమీటర్లు ఎంతసేపు!

దీవి ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 25 కిలోమీటర్లే. కానీ నడుమ గరహొనాయ్ శిఖరం 1,487 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి లోతైన లోయలు బండిచక్రం ఆకుల్లా అన్ని వైపులా సముద్రం దాకా దిగుతాయి. వీటిని ఇక్కడ బరాంకోలు అంటారు. అవతలి గట్టున ఉన్న ఇంటి కిటికీలు లెక్కపెట్టొచ్చు, ఆ ఇల్లు చేరాలంటే మాత్రం లోయ అడుగుకు దిగి మళ్లీ ఎక్కాలి. అందుకే ఇక్కడివాళ్లు లోయకు ఆ వైపు నుంచి ఈ వైపుకు ఈలతో మాట్లాడుకునేవారు. ఆ ఈలభాష పేరు సిల్బో. 1999 నుంచి బడిలో తప్పనిసరి పాఠం, 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దారిలో ఎప్పుడైనా వినపడితే నా గుంపును ఆపేస్తాను, అది విని తీరాలి.

కాబట్టి కిలోమీటర్లు కాదు, మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లో చూడండి. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్క నాకు ఇప్పటికీ పనికొస్తోంది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు మరో 10 నిమిషాలు. 10 కిలోమీటర్లలో 900 మీటర్లు ఎక్కాలంటే మూడున్నర గంటలు. అదీ ఆగకుండా నడిస్తే. అందులో దిగుడు లెక్కలేదు. రాళ్లు పరిచిన పాత కంచరగాడిదల దారిలో దిగేటప్పుడే నా గుంపులో ఎక్కువమంది నెమ్మదిస్తారు, మోకాళ్లు నొప్పెట్టేదీ అప్పుడే. చేతికర్రలు దిగుడు కోసమే తెచ్చుకోండి.

అపోహ: ఎటునుంచి తిరిగినా ఒకటే.

కాదు. అగూలో ఊరి వెనక ఎర్రటి కొండగోడ నిలువుగా లేచి ఉంటుంది. దాని మీద మెలికలు తిరుగుతూ పైకెళ్లే బాట 400 మీటర్లకు పైగా ఎక్కిస్తుంది. హ్వేగో దె బోలాస్, లా పల్మీతా అనే చోట్ల మీదుగా చుట్టి మళ్లీ అగూలోకి రావచ్చు. నేను ఎప్పుడూ ఆ గోడను పొద్దున్నే, కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే ఎక్కిస్తాను. వాన పడ్డాక తడిరాళ్ల మీద, అలసిన కాళ్లతో అటు దిగడం నాకు ఇష్టముండదు.

అపోహ: తీరంలో ఎండ కాస్తోంది, రెయిన్‌కోటు ఎందుకు?

ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు మబ్బును ఉత్తరపు వాలుల మీదికి తోస్తాయి. తీరంలో చెమటలు పట్టించే రోజే ఎల్ సెద్రో అడవిలో పది అడుగుల ముందు నడిచే మనిషి మసగ్గా కనిపిస్తాడు. ఒకసారి నా వెనకాలే వస్తున్నామె "వాన మొదలైందా?" అని అడిగింది. వాన లేదు. లారెల్ చెట్ల ఆకులు పొగమంచును పట్టి, చుక్కచుక్కగా మా టోపీల మీద రాలుస్తున్నాయి. నాచు పట్టిన కొమ్మ మీద వేలు నొక్కితే మణికట్టు దాకా నీళ్లు కారాయి. దీవి ఊటలకు నీరు చాలావరకు ఈ అడవి చలవే. దక్షిణపు లోయలు ఎండి ఉంటాయి. ఒకే దీవిలో రెండు కాలాలు, సంచిలో రెండింటికీ బట్టలుండాలి.

అపోహ: గుర్తులుంటే దారి తప్పం.

తెలుపు-పసుపు గీతలు చిన్న దారులకు, తెలుపు-ఎరుపు దూరపు దారులకు. అవే రంగులు ఇంటూ గుర్తులా కనిపిస్తే అటు వెళ్లొద్దని. పాడుబడ్డ మెట్లపొలాల దగ్గర మేకల బాటలు అసలు దారిలాగే ఉంటాయి. పది నిమిషాలు గుర్తు కనపడకపోతే చివరి గుర్తు దాకా వెనక్కి రండి. దారి మూశారన్న బోర్డు ఉంటే దాటొద్దు. 2012 ఆగస్టు మంటల్లో ఇక్కడి గరహొనాయ్ జాతీయ పార్కులో ఐదో వంతుకు దగ్గరగా కాలింది. మంట అంటుకుంటే బరాంకో పొగగొట్టంలా పనిచేస్తుంది.

అపోహ: మధ్యలో ఊళ్లున్నాయిగా, నీళ్లూ తిండీ దొరుకుతాయి.

కొన్ని ఊళ్లంటే నాలుగైదు ఇళ్లే. తలుపులు మూసి ఉంటాయి. నీళ్లు ఇంటి దగ్గరే నింపుకోండి.

అపోహ: సూర్యాస్తమయం దాకా వెలుతురుంటుంది.

పడమటికి తెరుచుకున్న వాయె గ్రాన్ రేయ్ లోయలో ఉంటుంది. ఎర్మిగ్వా లోయ ఈశాన్యానికి తెరుచుకుంది, పడమటి గట్టు ఎండను ముందే మింగేస్తుంది. డిసెంబరులో పగలే దాదాపు పదిన్నర గంటలు. ఆ నెలలో నేను ఎనిమిదిన్నరకల్లా బాట మీద ఉంటాను, టార్చి సంచి పైజేబులో పెట్టుకుంటాను.